రేడియో స్టేషన్ జరుగుతుందా?



వంటింటి గూట్లో రేడియో పెట్టుకుని పనులు చక్కబెట్టుకున్న తరం మనది. అన్నం వార్చేవేళకు వార్తలు, పిల్లలకు జడలు వేసేవేళకు పాటలు. రోజూ ముల్లు ఒకే చోట నిలబెడితే రోజూ అదే గొంతు ఎలా పలుకుతుందని మనలో ఎంతమందిమి అడిగాం? నేనూ అడగలేదు. నాకు ఆ ప్రశ్న తగిలించింది మా అత్తమ్మ.

మా అత్తవారిది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు. అత్తమ్మ పుట్టిల్లు మాత్రం పుట్టపాక, చిటికి కట్టి చీరలు నేసే ఊరు. ఆమెకు అక్షరం రాదు, అంకెలు రావు. కొత్తగా రేడియో కొన్నప్పుడు మా మామయ్య హైదరాబాద్ స్టేషన్ పెట్టి చూపిస్తే, ముల్లు నిలిచిన చోట అద్దం మీద ఆమె ఒక కుంకుమ బొట్టు పెట్టుకుంది. నూనెతో తడిపిన కుంకుమ, తుడిచినా పోదు. ఆ తర్వాత ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ముల్లును బొట్టు మీదికి తెస్తే హైదరాబాద్ పలికేది.

1980ల మొదట్లో ఒక మే నెల. మధ్యాహ్నం ముల్లు బొట్టు మీదే ఉంది, రేడియో మాత్రం బుర్రుమంటోంది. అత్తమ్మ కొంచెంసేపు రేడియో నెత్తిమీద చరిచి, నన్ను పిలిచింది.

“టేషను జరిగింది బిడ్డా. గీ ఎండకు ఓర్వలేక అది సుత నీడకు పోయినట్టుంది.”

నేను అప్పుడు హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఊరుకుంటానా? స్టేషన్ జరగదత్తమ్మా, జరిగింది మన రేడియో, ఎండకు లోపలి తీగచుట్ట వేడెక్కి కొలత మారింది, అని పాఠం మొదలుపెట్టాను. అంతా ఓపిగ్గా విని ఆమె ఒకే మాట అడిగింది.

“నా రేడువకు ఎండ తగిలితే జరుగుతది గాని, వాళ్ల మిషనుకు తగిలితే జరుగదా? వాళ్లదేమన్న బంగారపు మిషనా?”

నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్‌లో ఎండ లేదని చెప్పలేను కదా. నల్లగొండలో 45 డిగ్రీలు దాటిన రోజున అక్కడ చలి కాయదు. అదే రాగి తీగ, అదే ఇనుము. మరి అక్కడి యంత్రం ఎందుకు జరగదు? ఆ జవాబు వెతకడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ వెతుకులాటలో దొరికినదే ఇవాళ మీతో చెప్పదలచుకున్నాను.

ముందుగా ఆ అంకె సంగతి. “హైదరాబాద్ కేంద్రం, 738 కిలోహెర్ట్జ్” అని అనౌన్సరు చెప్పేవారు. అంటే ప్రసారిణి నుంచి వెలువడే తరంగం సెకనుకు 7 లక్షల 38 వేల సార్లు ఊగుతుందన్న మాట. దాన్నే పుస్తకాల్లో పౌనఃపున్యం అంటారు. నోరు తిరగని వాళ్లు ఫ్రీక్వెన్సీ అనుకోండి, తప్పులేదు. విజయవాడది 837, విశాఖపట్నానిది 927. ఈ మూడు అంకెల్నీ 9తో భాగించి చూడండి. శేషం రాదు. 738 అంటే 82 తొమ్మిదులు.

అది యాదృచ్ఛికం కాదు. 1975లో జెనీవాలో ఆసియా, ఆఫ్రికా, యూరప్ దేశాల వారంతా కూర్చుని మీడియం వేవ్‌ను ఇంటి స్థలాల్లాగా పంచుకున్నారు. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడం. అంతకుముందు మన దేశంలో ఆ ఎడం 10. కొత్త పంపకం 1978 నవంబరు 23న అమల్లోకి వచ్చింది. ఆ రోజు నిజంగానే స్టేషన్లు జరిగాయి, కొన్ని అటు, కొన్ని ఇటు, కొద్ది కిలోహెర్ట్జ్ మేర. రేడియో అద్దం మీద అది వెంట్రుకవాసి కన్నా ఎక్కువ ఉండదు. మా అత్తమ్మ బొట్టు వెడల్పులోనే ఆ మార్పు కలిసిపోయి ఉంటుంది. నిజంగా జరిగిన రోజు ఆమె గమనించలేదు, జరగని రోజు తగాదా పెట్టుకుంది!

స్థలం ఇచ్చాక గట్టు దాటకూడదు. మీడియం వేవ్ స్టేషనుకు ఇచ్చిన సడలింపు ఎంతో తెలుసా? 10 హెర్ట్జ్. కిలోహెర్ట్జ్ కాదు, ఉత్త 10 హెర్ట్జ్. 7 లక్షల 38 వేల ఊపుల్లో పది ఎక్కువో తక్కువో. దీన్ని గడియారానికి పోల్చితే, రోజుకు ఒక సెకను చిల్లర కన్నా ఎక్కువ తప్పు నడవకూడదన్న మాట. దారికి పోల్చితే, నల్లగొండ నుంచి హైదరాబాదుకు వంద కిలోమీటర్లు పోయి, దిగాల్సిన చోటికి మీటరున్నర లోపల దిగాలి.

ఇంత పట్టుదల ఎందుకని అనిపిస్తుంది. పగటిపూట దీని అవసరం అంతగా తెలియదు. మీడియం వేవ్ పగలు నేలను పట్టుకునే పోతుంది, దూరం పోను పోను నీరసిస్తుంది. పొద్దుగూకాక కథ మారుతుంది. పగలు ఈ తరంగాలను మింగేసే పొర ఆకాశంలో కరిగిపోయి, దానికి పైనున్న పొర వాటిని అద్దంలాగా కిందికి తిప్పి పంపుతుంది. అందుకే రాత్రి పదింటికి శ్రీలంకా వినపడుతుంది, ఎక్కడెక్కడి భాషలూ వినపడతాయి. ఒకే అంకె మీద వేల మైళ్ల దూరంలో మరో స్టేషన్ ఉంటుంది, దాని నీడ కూడా మన ఊరి మీద పడుతుంది.

అప్పుడు ఏం జరుగుతుందంటే, రెండు స్టేషన్లూ ఊపుకు ఊపు సరిపోతే బలమైనదే వినిపిస్తుంది. రెండింటికీ 500 హెర్ట్జ్ తేడా ఉందనుకోండి, ఆ తేడా అంతా ఒక కూతగా మారుతుంది. రాత్రంతా మన వార్తల వెనక ఎవరో సన్నాయి పట్టుకుని ఒకే స్వరం ఊదుతున్నట్టు ఉంటుంది. ఇద్దరూ చెరి 10 హెర్ట్జ్ లోపల ఉంటే తేడా 20 దాటదు. సెకనుకు 20 ఊపుల కన్నా తక్కువ శబ్దాన్ని మన చెవి స్వరంగా పట్టుకోలేదు. కాబట్టి కూత ఉండదు. మహా అయితే గొంతు కాస్త తేలుతూ మునుగుతూ ఉంటుంది. ఎక్కడో ఒక ఇంజనీరు ఆ పదిని కాపాడబట్టే మన ఊళ్లో రాత్రి వార్తలు కూత లేకుండా వింటాం.

ఇక అత్తమ్మ ప్రశ్నకు వద్దాం. ఎండకు జరగాల్సింది ఎందుకు జరగదు?

మన పల్లెల్లో డప్పు కొట్టేవాళ్లను చూసే ఉంటారు. కొట్టబోయే ముందు నాలుగు పుల్లలు మంటేసి డప్పు మొహం కాస్తారు. తోలు బిగుసుకుని స్వరం ఎక్కుతుంది. కాసేపు వాయించాక చల్లారి స్వరం దిగుతుంది, మళ్లీ మంట దగ్గరికి పోతారు. వాన ముసురులో అయితే ఇంకా అవస్థ. తీగచుట్ట కూడా ఇంతే, కాకపోతే తిరగేసి: వేడికి రాగి వ్యాకోచిస్తుంది, చుట్ట పెరుగుతుంది, ఊపు తగ్గుతుంది. డిగ్రీకి లక్షలో ఐదు వంతుల మార్పు వచ్చిందనుకుందాం. 738 కిలోహెర్ట్జ్ దగ్గర అది డిగ్రీకి 37 హెర్ట్జ్. పొద్దున్నుంచి మధ్యాహ్నానికి 15 డిగ్రీలు పెరిగితే 550 హెర్ట్జ్ దాటుతుంది. ఇచ్చిన సడలింపేమో పది! తొలి రోజుల్లో రేడియోవాళ్ల తలనొప్పి ఇదే. 1935లో నిజాం సర్కారు చేతికొచ్చిన హైదరాబాద్ స్టేషన్, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఆ పదిహేనేళ్లలోపే ప్రపంచమంతటా ఈ తలనొప్పికి మందు దొరికి, వాడుకలోకి వచ్చింది.

ఆ మందు ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. పలుగురాయి.

పాలమూరు, నల్లగొండ ఎర్రచెల్కల్లో నడిచినవాళ్లకు పలుగురాయి గురించి నేను చెప్పాలా! నాగలికి అడ్డం పడేది, అరికాలికి గుచ్చుకునేది, గట్టున కుప్ప పోసేది. మన నల్లరాతి గుట్టల మధ్య తెల్లటి చారలుగా కనిపించేదీ అదే. చిన్నప్పుడు చీకటి గదిలో రెండు పలుగురాళ్లు రాపాడించి, లోపల్నుంచి వచ్చే ఎర్రటి వెలుగు చూసి కేకలు వేసేవాళ్లం. దాన్ని ఇంగ్లీషువాళ్లు క్వార్ట్జ్ అంటారు. మీ చేతి గడియారం మీద రాసి ఉండేది ఆ పేరే.

1880లో ఫ్రాన్సులో జాక్, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు ఈ రాతిలో ఒక గుణం కనిపెట్టారు. పలుగు స్ఫటికాన్ని నొక్కితే దాని మీద విద్యుత్తు పుడుతుంది. విద్యుత్తు పెడితే అది సంకోచించి వ్యాకోచిస్తుంది. ఆ పియరీ భార్యే మేడమ్ మేరీ క్యూరీ. యురేనియం నుంచి వచ్చే కిరణాలను ఆమె కొలిచింది ఈ పలుగు గుణం మీద పనిచేసే పరికరంతోనే. ఆమె పేరు చెప్పినప్పుడు రేడియమే చెప్తారు గాని, దాని వెనక ఉన్న రాతిముక్క సంగతి ఎవరూ చెప్పరు. మీ వంటింట్లో గ్యాసు పొయ్యి వెలిగించే లైటరు టిక్కుమంటుంది చూడండి, అదీ ఈ గుణమే. అందులో ఉండేది పలుగు కాదు, పింగాణీ జాతి ముక్క. పని మాత్రం ఒకటే.

పలుగును పల్చటి బిళ్లగా కోసి విద్యుత్తుతో తడితే, గంట మోగినట్టు అది తన మందానికి తగిన ఒకే వేగంతో కంపిస్తుంది. బిళ్ల పల్చబడితే వేగం పెరుగుతుంది. దీన్ని రేడియో ఊపుకు కాపలా పెట్టవచ్చని 1921లో వాల్టర్ కేడీ అనే అమెరికా ఆచార్యుడు చూపించాడు. 1934లో ఇంకో మెట్టు ఎక్కారు. స్ఫటికాన్ని 35 డిగ్రీల చిల్లర వాలులో కోస్తే, వేడికి పెరిగే గుణమూ తగ్గే గుణమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని తెలిసింది. రాయి అదే, కోత వేరు, అంతే. చీరను ఏటవాలుగా కత్తిరిస్తే కుచ్చు ఒకలా, నిలువుగా కత్తిరిస్తే ఒకలా పడుతుందని మన కుట్టుపనివాళ్లకు తెలియదూ!

అయితే మన పొలంలో పలుగురాయి తెచ్చి రేడియోలో పెడతామంటే కుదరదు. పగుళ్లూ మరకలూ లేని నిండు స్ఫటికం కావాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అది బ్రెజిల్ నుంచి వచ్చేది. ఆ తర్వాత ఇనుప పాత్రల్లో, పెద్ద ప్రెషర్ కుక్కర్లనుకోండి, స్ఫటికాల్ని పెంచడం నేర్చుకున్నారు.

యుద్ధకాలం అన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పి తీరాలి. అప్పుడు సైన్యం వైర్‌లెస్ సెట్లకు లక్షలకొద్దీ పలుగుబిళ్లలు కావలసి వచ్చాయి. అమెరికా కార్ఖానాల్లో వాటిని కోసి, అరగదీసి, పరీక్షించినవాళ్లలో చాలామంది ఆడవాళ్లు. మిల్లీమీటరులో వందో వంతులు చేతివేళ్లతో తెలుసుకుంటూ అరగదీసేవారు. పరీక్షలో సరిగ్గా పలికిన బిళ్లలు కొన్ని వారాలకు, ముఖ్యంగా ఉక్కపోత దేశాలకు వెళ్లాక, స్వరం మార్చుకునేవి, కొన్ని మూగపోయేవి. ఎందుకా అని చూస్తే, అరగదీసినప్పుడు పైన మిగిలిన పొడీ, కంటికి కనపడని చిట్లులూ కారణం. ఆఖరి మెట్టు అరగదీయకుండా ద్రావకంలో ముంచి పై పొర కరిగిస్తే ఆ జబ్బు పోయింది. బియ్యం ఎంత దంచినా కడిగితేగాని తవుడు పోదు కదా, అట్లాంటిదే. యుద్ధం కథలు రాసినవాళ్లు జనరల్స్ పేర్లు రాశారు గాని, ఆ బెంచీల ముందు కూర్చున్న అమ్మాయిల పేర్లు ఎన్ని రాశారు?

పలుగు దొరికినంతనే పని అయిపోలేదు. పది హెర్ట్జ్ లోపల ఏళ్ల తరబడి నిలపాలంటే దానికీ ఒక పెంపకం ఉంది.

మొదటిది వేడి. ఎండాకాలం చల్లబరచడం, చలికాలం వెచ్చబరచడం రెండూ కష్టమే. అందుకని ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. బిళ్లను చిన్న డబ్బాలో పెట్టి, మన మే నెల ఎండ కన్నా ఎక్కువ వేడిలో, 70 డిగ్రీల దగ్గర, ఎప్పుడూ ఒకే తీరుగా ఉంచుతారు. బయట 15 అయినా 45 అయినా లోపల 70. కోడిపెట్ట గుడ్ల మీద కూర్చోవడం చూశారు కదా, 21 రోజులూ 38 డిగ్రీల దగ్గరే ఉంచుతుంది. ఆ డబ్బాకు ఇంజనీర్లు పెట్టిన పేరు అవెన్ అని, అంటే పొయ్యి. ఆ పేరు నాకు నచ్చలేదు. పొయ్యి ఉడికిస్తుంది, ఇది పొదుగుతుంది.

రెండోది కరెంటు. మన ఊళ్లల్లో సాయంత్రం బోరు మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే ఇంట్లో బల్బు గుడ్డిదీపం అవుతుందా లేదా? ఆ హెచ్చుతగ్గులు స్ఫటికం దాకా పోకూడదు. దానికి విడిగా, క్రమబద్ధం చేసిన కరెంటు ఇస్తారు. సంటిపిల్లకు వేరే గిన్నెలో వండినట్టు.

మూడోది బరువు. ఇదే నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. పెద్ద మీడియం వేవ్ ప్రసారిణి ఆకాశంలోకి వదిలే శక్తి లక్షల వాట్లలో ఉంటుంది. అది మొదలయ్యే స్ఫటికం దగ్గర ఒక్క వాటు కూడా ఉండదు, అందులో చిన్న భాగం. స్ఫటికాన్ని ఎక్కువ శక్తితో కంపింపజేస్తే అది వేడెక్కి తప్పుతుంది, మరీ ఎక్కువైతే పగులుతుంది. కాబట్టి దానిచేత పని చేయించరు, లెక్క మాత్రం చెప్పిస్తారు. వరినాట్లలో చూడండి, ఒకామె పాట అందుకుంటుంది, వరసంతా ఆ పాట లయకు చేతులు కదుపుతారు. ఆమె నెత్తిన ఎవరైనా నారుకట్టల మోపు పెడతారా? పెడితే ఊపిరి ఎగపోసి పాట తప్పుతుంది, పాట తప్పితే వరసంతా తప్పుతుంది. ప్రసారిణిలో కూడా స్ఫటికానికీ బరువు మోసే పెద్ద వాల్వులకూ మధ్య ఒక మెట్టు పెడతారు. అది స్ఫటికం చెప్పిన ఊపును తీసుకుని కిందికి అందిస్తుంది. కింద గాలికి ఏరియల్ ఊగినా, వానకు తడిసినా, ఆ కుదుపు పైకి పోనివ్వదు.

నాలుగోది వయసు. ఎంత బాగా చూసుకున్నా స్ఫటికం ఏడాదికి ఏడాది కొద్దిగా జరుగుతుంది. అందుకని దాన్ని మరింత నిక్కచ్చి గడియారంతో పోల్చి సరిదిద్దుతూ ఉండాలి. ఒకప్పుడు ఇంజనీర్లు ప్రామాణిక కాల సంకేతాల స్టేషన్లతో సరిపోల్చేవారు. ఇప్పుడు జీపీఎస్ ఉపగ్రహాల్లోని పరమాణు గడియారాలతో సరిపోల్చే పరికరాలు వచ్చాయి. ఒకే స్ఫటికం నుంచి కావలసిన ఊపులన్నీ లెక్కకట్టి తీసే సర్క్యూట్లూ వచ్చాయి. మీ చేతిలోని సెల్‌ఫోన్ కూడా తన చిన్న స్ఫటికాన్ని నమ్ముకోదు, టవరు ఊపు విని క్షణక్షణం తనను తాను సరిదిద్దుకుంటుంది. చేతి గడియారంలో అయితే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు ఊగుతుంది. పిల్లలు ఎవరైనా దగ్గరుంటే ఆ అంకెను సగం, మళ్లీ సగం, అలా 15 సార్లు చేయమనండి. ఒకటి మిగులుతుంది. గడియారం చేసేది అదే, అందుకే సెకనుకు ఒక అడుగు.

పాలమూరు వాళ్లకు ఇంకో జ్ఞాపకం ఉండాలి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా దేశంలో 2,400 పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ చూపించారు. అందులో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి. 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి 860 మెగాహెర్ట్జ్ మీద వచ్చే బొమ్మను, కోళ్లగూడుకు వాడే ఇనుప జాలీతో చేసిన గొడుగు పట్టుకునేది. పైన చుక్కల్లో ఉన్న ప్రసారిణీ, కింద ఎండలో ఉన్న పెట్టే ఒకే అంకె మీద నిలబడితేగాని చావడి ముందు కూర్చున్నవాళ్లకు బొమ్మ రాదు.

ఇదంతా వార్తలకూ పాటలకూ సంబంధించిందే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. మాట అందకపోతే ప్రాణం మీదికి వచ్చే వేళలు ఉన్నాయి. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలు, అవతల మన ఆలంపురం నీళ్లలో మునిగినప్పుడు చూశాం కదా, కరెంటు పోతే మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి పోతాయి. అలాంటి వేళల్లో మిగిలేది బ్యాటరీ మీద నడిచే వైర్‌లెస్ సెట్టు.

హైదరాబాద్‌లో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. అమెచ్యూర్ రేడియోవాళ్లను హామ్ అంటారు. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో కొందరు హామ్‌లతో అండమాన్ వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో రేడియో పెట్టారు. ప్రపంచంలో ఉన్న హామ్‌లందరికీ అండమాన్ నుంచి ఒక పలకరింపు అందాలన్నది వాళ్ల ముచ్చట. అది సరదాగా మొదలైన ప్రయాణం. డిసెంబరు 26 పొద్దున సునామీ వచ్చింది. టెలిఫోన్లు పడిపోయాయి. అప్పటినుంచి ఆమె మైకు ముందు కూర్చుని, ఫలానావారు క్షేమం, ఫలానావారి ఆచూకీ కావాలి, ఇవి కావాలి, అవి కావాలి అంటూ సముద్రం ఇవతలికి కబుర్లు అందించారు. ‘వీయూ ఫోర్ ఆర్‌బీఐ’ అన్న ఆమె పిలుపు గుర్తు ఆ రోజుల్లో ఎన్ని దేశాల్లో విన్నారో.

హామ్‌లు దూరాలకు మాట పంపే పద్ధతిలో ఒక చిక్కు ఉంది. శక్తి ఆదా కోసం వాళ్లు తరంగంలో నడుమనుండే వాహకాన్ని, రెండు పక్కల్లో ఒక పక్కనూ తీసేసి పంపుతారు. తీసేసిన వాహకాన్ని వినేవాళ్ల సెట్టు తనంతట తానే చేర్చుకోవాలి. ఇద్దరి అంకెల్లో వంద హెర్ట్జ్ తేడా వస్తే మాట బాతు అరిచినట్టవుతుంది. మూడు వందలు దాటితే మనిషి పేరో, ఊరి పేరో తెలియదు. వాళ్లు వాడే 14 మెగాహెర్ట్జ్ దగ్గర వంద హెర్ట్జ్ అంటే పది లక్షల్లో ఏడు వంతులు. క్షేమం అని చెప్పిన పేరు రాములో రాజులో స్పష్టంగా వినపడాలంటే, అక్కడ చిన్న డబ్బాలో ఒక పలుగుబిళ్ల అంత నిలకడగా ఉండాలి.

మనకు దగ్గర్లోనే ఇంకొక స్టేషన్ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 2008 అక్టోబరు 15న అక్కడ సంఘం రేడియో ప్రారంభించారు, ఎఫ్.ఎం. 90.4 మెగాహెర్ట్జ్. మైకు ముందు మాట్లాడేదీ, మీటలు కదిపేదీ ఆడవాళ్లే. జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ అని ఇద్దరు నర్సమ్మలు దాన్ని నడిపించారు. గదులూ సామానూ సిద్ధంగా ఉన్నా, లైసెన్సు కోసం పదేళ్లదాకా ఎదురుచూశారు. ఆ కాలమంతా కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. గాలి అందరిదీ అని సుప్రీం కోర్టు 1995లోనే చెప్పింది గాని, ఆ గాలిలో ఒక అంకె మాచనూరు చేరడానికి అంతకాలం పట్టింది. చేరిన తర్వాత ఆ అంకెను నిలబెట్టుకోవడం వాళ్ల పూచీ. 90.4 మీద దేశంలో ఇంకా ఎన్నో సముదాయ రేడియోలు ఉన్నాయి. ఈ చిన్న స్టేషన్ల ఎఫ్.ఎం. తరంగం ఎంతో దూరం పోదు కాబట్టి ఒకరి మాటకు ఒకరు అడ్డు రారు. కాని పక్క అంకెలోకి జరిగితే మాత్రం పక్కింట్లో దూరినట్టే.

ఇక మనకు పనికొచ్చే నాలుగు మాటలు. రేడియో పొయ్యి పక్కన, రేకుల కప్పు కింద, ఎండ పడే కిటికీలో పెట్టకండి. బ్యాటరీలు నీరసించినా స్టేషన్ కొద్దిగా జరిగినట్టు అనిపిస్తుంది, అవి మార్చి చూడండి. కొత్తగా అంకెలు చూపే రేడియో కొంటే, మీడియం వేవ్ 9 చొప్పున జరుగుతోందో 10 చొప్పున జరుగుతోందో చూసుకోండి. అమెరికాలో ఇంకా 10 లెక్కే. ఆ అమరికలో ఉన్న సెట్టు 730 అంటుంది, 740 అంటుంది, 738 మీద నిలబడదు. పిల్లలు విదేశాల నుంచి తెచ్చినవి పనిచేయట్లేదని పక్కన పడేసేవాళ్లను చూశాను. చాలా సెట్లకు వెనకో లోపలో 9, 10 మార్చుకునే మీట ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, స్టేషన్ తప్పిందనిపిస్తే ముందు పక్కింటి రేడియో విని చూడండి.

మేం ఆ పని ఆలస్యంగా చేశాం. మే నెల మధ్యాహ్నం నా పాఠం అయ్యాక, తీగచుట్ట వేడెక్కిందన్న నా మాట నమ్మి మా ఇంట్లోవాళ్లు రేడియోను బజారులో బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకుపోయారు. ఆయన లోపలి మరలు అటూ ఇటూ తిప్పి, పలుకుతోంది తీసుకుపొండి అన్నాడు. పలికింది నిజమే, కాని బొట్టుకు మూడు వేళ్ల అవతల. అత్తమ్మ ఏమీ అనకుండా అక్కడ ఇంకో బొట్టు పెట్టుకుంది. వారం తిరిగేసరికి అదీ తప్పింది. అప్పుడు పక్కింట్లో వింటే వాళ్ల ముల్లు ఎప్పుడూ ఉన్నచోటే ఉంది.

ఆ సాయంత్రం అత్తమ్మ తనే రేడియో వెనక అట్ట తీయించి, ముల్లును లాగే దారం మీద వేలు పెట్టి చూసింది. నూలు పోగుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఒక పోగు వదులైతే చీరలో పువ్వు ఎంత పక్కకు పోతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“పోగు వదులైంది బిడ్డా. టేషనూ జరుగలె, నువ్వు చెప్పిన చుట్టా జరుగలె. జారింది గీ ముల్లు.”

అంతే. ఏళ్ల తరబడి తిప్పి తిప్పి దారం సాగి, చక్రం మీద జారుతోంది. మధ్యాహ్నమంతా నేను చెప్పిన వ్యాకోచం ముల్లును కదిలించేంత పెద్దది కాదు, గొంతు కాస్త బొంగురు చేయగలదు, అంతవరకే. అంకెలు వేసి చూసుకుంటే నాకే సిగ్గేసింది. ఆమె పాత దారం తీసేసి పట్టుపోగు పేని బిగించి కట్టింది. తిప్పిన మరలు మాత్రం మళ్లీ డబ్బులిచ్చి సరిచేయించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ముల్లు మొదటి బొట్టు మీదికే వచ్చి నిలిచింది.

ఆ రేడియో ఇప్పుడు నా దగ్గర ఉంది. అద్దం మీద రెండు బొట్లూ అలాగే ఉన్నాయి. పట్టుపోగు ఇంకా తెగలేదు.